మోసపోయినవారికి సిగ్గేల?

ఇంటి తాళపుచెవిని అపరిచితుని చేతికిచ్చువారు లేరు. కాని ఫోనునకు వచ్చిన ఓటీపీని అడిగినంతనే చెప్పివేయువారు పెక్కుమంది కలరు. అదియు తాళపుచెవియే యని వారెరుగరు.

మోసగాడు ఆశయైన చూపును, భయమైన పెట్టును. 'మీకు సొమ్ము రావలసియున్నది, పిన్ను నొక్కుడు' అనుట మొదటిది. యూపీఐ పద్ధతిలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. నొక్కితిమా, మన సొమ్మే వెడలిపోవును. 'మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచి కదలరాదు' అనుట రెండవది. అట్టి అరెస్టు మన చట్టములో లేనే లేదు. రెండింటను వాడు కోరునది ఒక్కటే: మనకు ఆలోచించు వ్యవధి లేకుండుట.

మోసపోయినవానిని పరిహసించుట మన సంఘమునందలి పెద్ద దోషమని నా అభిప్రాయము. నలుగురు నవ్వుదురను సిగ్గుచే అతడు ఊరకుండును. ఆలోపల సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు దాటిపోవును. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో దానిని నిలుపుటకు అవకాశము కలదు.

కావున బాలబాలికలారా! ఈ సంగతులు మీ ఇంటి పెద్దలకు తెలుపుడు. పొరపడినవారిని నిందింపక, ముందు వారి చేతికి ఫోను అందింపుడు. సిగ్గుపడవలసినది దొంగ గాని, సొమ్ము పోగొట్టుకొన్నవారు గారు.