కర్ర ఎప్పుడు దించాలి?

మనలో చాలామంది చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూళ్ళలో గోడ మీద రెండు చార్టులు ఉండేవి. ఒకటి ‘పెట్ యానిమల్స్’, ఇంకొకటి ‘డొమెస్టిక్ యానిమల్స్’. కుక్క, పిల్లి, కుందేలు ఒక దాంట్లో. ఆవు, బర్రె, మేక ఇంకో దాంట్లో. తెలుగులో ఈ తేడా లేదు. పెంచుకున్నది ఏదైనా పెంపుడు జంతువే.

అందుకే “మన పెంపుడు జంతువు మీద ఎవరైనా దాడి చేస్తే మనం ఎంతవరకు కొట్టొచ్చు?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు లాబ్రడార్ ఒక్కదాన్నే గుర్తు పెట్టుకుంటే సరిపోదు. ఆసిఫాబాద్ వైపు రైతు ఎద్దును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నా మటుకు మొదటి జవాబు సూటిగా ఉంది. కొట్టొచ్చు. కొట్టాలి కూడా. ఎందుకంటే దాన్ని కట్టేసింది మనమే. మెడకు బెల్టో పలుపో వేసి, పారిపోయే దారి మనమే మూసేశాం. అడవిలో దుప్పి ప్రమాదం పసిగడితే ఉరుకుతుంది. కొట్టంలో కట్టేసిన ఎద్దు ఎటు ఉరుకుతుంది? దాని కాళ్ళ పని మన చేతులు చెయ్యాల్సిందే. వీధికుక్కలు నాలుగు కలిసి మీద పడుతుంటే, చేతిలో గొలుసు పట్టుకొని “అహింసా పరమో ధర్మః” అనుకుంటూ నిలబడేవాడు మంచివాడేం కాదు.

చట్టం కూడా ఇందుకు చోటిచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 19వ సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో ఇదే 81. మనిషికో, ఆస్తికో జరగబోయే హానిని తప్పించడానికి, దురుద్దేశం లేకుండా చేసిన పని వల్ల ఇంకో హాని జరిగినా అది నేరం కాదని దాని సారాంశం. మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చడం అందులో ఇచ్చిన ఉదాహరణ. చట్టం దృష్టిలో మన కుక్కా, బర్రే ఆస్తి కిందికే వస్తాయి. అదే సంహితలో 325వ సెక్షన్ జంతువును కావాలని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ళ దాకా జైలు అంటుంది. అంటే కొట్టడానికి అనుమతి ఉంది కానీ దానికో హద్దు కూడా ఉంది.

ఆ హద్దు ఎక్కడ? మన బ్రాంచ్ వాళ్ళ భాషలో చెప్తే, ఇది వైల్ లూప్. దాడి జరుగుతున్నంతసేపే నడవాలి. కండిషన్ ఫాల్స్ అయిన మరుక్షణం బయటికి వచ్చెయ్యాలి. ఎదుటి కుక్క తోక ముడిచి మళ్ళింది, అయినా వెంటపడి కొడుతున్నామంటే అక్కడ కాపాడటం అయిపోయింది, కసి మొదలైంది. రెండింటికీ ఒకటే కర్ర కాబట్టి కొట్టేవాడికి తేడా తెలీదు.

ఈ తేడా ఎంత పెద్దదో కాగజ్‌నగర్ అడవులు చూపించాయి. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఇటు వస్తుంటాయి. 2012లో ప్రకటించిన కవ్వాల్ టైగర్ రిజర్వ్‌కు వాటి దారి ఇదే. దారిలో మేతకు వెళ్ళిన పశువులు దొరుకుతాయి. 2024 జనవరిలో దరిగాం దగ్గర అడవిలో రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారని విచారణలో తేలింది. అరెస్టులు జరిగాయి.

పులి మీద పడుతున్నప్పుడు కాపరి కేకలేసి, రాళ్ళు విసిరి, గొడ్డలి ఎత్తి ఉంటే నేను ఆయన పక్షమే. కానీ విషం పెట్టే సమయానికి పశువు చనిపోయింది. ఇక కాపాడటానికి ఏమీ మిగల్లేదు. పైగా విషానికి ఎవరు దాడి చేశారో తెలీదు. ఆ కళేబరం మీద వాలిన ప్రతి ప్రాణినీ చంపుతుంది. నక్కలు తింటాయి, ఊరకుక్కలు తింటాయి. అదే ప్రాంతంలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు కట్టుకున్నాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతటా రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. మిగిలిన ఆ కాసిన్ని రాబందులు బతికేది కళేబరాల మీదే.

“హాస్టల్‌లో కూర్చొని ఇలాంటి నీతులు ఎన్నయినా చెప్పొచ్చు” అని మీరు అనొచ్చు. ఆ మాటలో బలం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షన్ మనిషి ప్రాణం కాపాడుకోవడానికి అడవి జంతువును చంపితే నేరం కాదంటుంది. పశువు ప్రాణం గురించి ఆ మాట అనదు. పులిని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. అంటే మనం ఆ రైతుతో “నీ ఎద్దు పోయినా సరే, చెయ్యి ఎత్తకు” అంటున్నాం. నాగలికి కట్టే జోడులో ఒకటి పోతే రెండోది కూడా పనికిరాదు, ఆ ఏడు సేద్యమే ఆగిపోతుంది. పులి బతకడం దేశానికంతా లాభం అయితే, దాని ఖర్చు ఒక్క రైతు మీద వెయ్యడం ఏం న్యాయం? పరిహారం ఉంది. అది దినాల మీద రావాలి, నెలల మీద కాదు. పంచనామాకు మనిషి అదే రోజు రావాలి. ప్రభుత్వం ఆలస్యం చేసిన ప్రతి రోజూ విషం డబ్బా మూత కొంచెం వదులవుతుంది. చెయ్యి ఎత్తొద్దని అడిగే హక్కు, నష్టం కట్టిచ్చాకే మనకు వస్తుంది.

దాడి చేసింది మనిషైనా ఇదే లెక్క. మేకను ఎత్తుకుపోతున్న దొంగను పట్టుకొని ఆపొచ్చు, పెనుగులాడొచ్చు. ఆత్మరక్షణ హక్కు ఆస్తికీ ఉంది. కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదని చట్టం అక్కడే గీత గీసింది. 2023 సెప్టెంబరులో మందమర్రిలో ఏం జరిగింది? మేక పోయిందన్న అనుమానంతో కాపరినీ, అతని దళిత మిత్రుడినీ కొట్టంలో తలకిందులుగా వేలాడదీసి, కింద పొగ పెట్టి కొట్టారు. అక్కడ దాడిలో ఉన్న మేక లేదు. కళ్ళ ముందు దొంగతనం లేదు. ఉన్నది అనుమానం, ఎదురు తిరగలేని ఇద్దరు మనుషులు. “మా మేక కోసం” అన్న మాట ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. ఎవరి ఒంటి మీద చెయ్యి వేస్తే ఎవరూ అడగరో కొట్టేవాళ్ళకు ముందే తెలుసు.

ఇప్పుడు మన గల్లీలోకి వద్దాం. ఎవరి కుక్కనైనా వీధికుక్కలు కరిస్తే మరునాడు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మాట తప్పకుండా వస్తుంది: “అన్నిటికీ మందు పెడితే పీడా పోతది.” ఇది దరిగాం విషమే, ప్యాకెట్ వేరు. కరిచిన కుక్క ఏదో ఆ మందుకు తెలీదు. కర్రతో, నీళ్ళతో, అరుపుతో అప్పటికప్పుడు విడిపించడం మన పని. వీధికుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించడం మున్సిపాలిటీ పని. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు వాళ్ళకు ఆ బాధ్యత ఇచ్చాయి. ఆ పని జరగలేదని గట్టిగా అడగడం మళ్ళీ మన పనే. మందు పెట్టడం మాత్రం ఎవరి పనీ కాదు.

కర్ర ఎత్తడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఎదుటిది వెనక్కి తగ్గాక ఆ కర్ర దించడమే ఇంకా కష్టం. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు జవాబు రాయండి. ముఖ్యంగా ఇంట్లో గొడ్లున్నవాళ్ళు.