కటింగ్ మెషిన్ కొనాలా.. బయట కోయించాలా?

ఫ్లెక్సీలతో నడిచిన సైన్‌బోర్డుల వ్యాపారం మారుతోంది. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించారు. ఫ్లెక్సీలు పూర్తిగా పోలేదు. కానీ షాపుల ముందు యాక్రిలిక్, ఏసీపీ బోర్డులు, ఎల్‌ఈడీ అక్షరాలు కనిపిస్తున్నాయి. వీటికి ప్రింటర్ ఒక్కటే చాలదు, కటింగ్ కావాలి. ‘అప్పు చేసి మెషిన్ కొనేద్దామా?’ అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

2024 బడ్జెట్‌లో ముద్ర రుణ పరిమితిని రూ.20 లక్షలకు పెంచారు. అయితే అది తరుణ్ విభాగంలో రుణం తీసుకుని, సక్రమంగా తీర్చినవారికే. మిగతావారికి రూ.10 లక్షలే. అప్పు పుట్టడం ఒక ఎత్తు, తీర్చడం మరో ఎత్తు.

ఏం కోస్తారు?

లేజర్ మెషిన్‌తో యాక్రిలిక్ అంచు మెరుస్తూ వస్తుంది. కానీ సైన్‌షాపులు వాడే సీఓ2 లేజర్ ఏసీపీకి పనికిరాదు. పీవీసీ ఫోమ్ షీటును అందులో అసలు పెట్టొద్దు. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వచ్చి మనిషికీ, మెషిన్‌కీ హాని చేస్తుంది. సీఎన్‌సీ రూటర్ ఈ మూడింటినీ కోస్తుంది. యాక్రిలిక్ అంచుకు మాత్రం తర్వాత పాలిష్ పట్టాలి. మీ ఆర్డర్లలో ఏ షీటు ఎక్కువో చూశాకే మెషిన్ సంగతి.

లెక్క ఇలా వేయండి

రూ.6 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుందాం. ఈఎంఐ సుమారు రూ.13,350. ఆపరేటర్ జీతం 15 వేలు, కరెంటు 4 వేలు, రిపేర్లకు 3 వేలు కలిపితే నెలకు 35 వేలు దాటుతుంది. 26 పనిదినాలకు పంచితే రోజుకు దాదాపు రూ.1,360. పని ఉన్నా లేకున్నా ఇందులో ఎక్కువ భాగం కట్టాల్సిందే.

ఇప్పుడు గత ఆరు నెలల్లో బయట కటింగ్‌కు ఇచ్చిన బిల్లులు తీయండి. నెలకు సగటున 18 వేలే అయితే ఇంకా తొందరలేదు. 45 వేలు దాటుతుంటే ముందడుగు వేయొచ్చు. ‘మెషిన్ వస్తే ఆర్డర్లు అవే వస్తాయి’ అన్నది అమ్మేవాళ్ల మాట, దాన్ని లెక్కలో కలపొద్దు.

డెమోకు మీ షీటు, మీ డిజైన్ ఫైలే తీసుకెళ్లండి. సర్వీస్ ఇంజినీర్ ఏ ఊరి నుంచి వస్తాడో, త్రీఫేజ్ కరెంటు కావాలో అడగండి. బిల్లులు సరేనంటే కొనండి. లేదంటే డిజైన్, ఫిట్టింగ్ మీరు చూసుకుని, కటింగ్ బయట చేయించండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టేముందు ఈ ఒక్క పూట లెక్కకు కేటాయించండి.