మూట తూచి చూడు

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నా బల్లమీద వారం రోజులు అలాగే ఉండిపోయింది. రాసినది ఏడో తరగతి చదివే అమ్మాయి. "మాస్టారూ, వచ్చే శివరాత్రికి మా తాతయ్య నల్లమల అడవి దారిన శ్రీశైలం నడిచి వెళుతున్నాడు. నేనూ వస్తానన్నాను. తాతయ్య సరే అన్నాడు. అమ్మ వద్దంటున్నది. మీరు వెళ్లమంటే అమ్మ ఒప్పుకుంటుంది. ఏమేమి మూట కట్టుకోవాలో కూడా రాయండి," అని ఆ ఉత్తరం.

అమ్మాయీ, వెళ్లమనటానికీ, వద్దనటానికీ నేనెవణ్ణి? ఆ మాట మీ అమ్మగారే చెప్పాలి. కాని ఆవిడకు భయం ఎందుకో నాకు తెలుసు. నేను చెప్పినట్టు చేసి చూపించావంటే ఆ భయం సగం తగ్గవచ్చు. నీతోపాటు మిగతా పిల్లలకు కూడా ఇది పనికివస్తుంది గనక ఇక్కడే రాస్తున్నాను.

ముందు దారి సంగతి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో బయలుదేరి, నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట అది. సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది. చాలా పాత దారి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరినప్పుడు ఈ దారినే శ్రీశైలం వెళ్లి, ఆ ప్రయాణమంతా పుస్తకంగా రాశారు. ఆయనకు మోసేవాళ్లున్నారు, వండేవాళ్లున్నారు, వెంట పెద్ద పరివారం ఉన్నది. నీకు ఉన్నది నీ వీపొక్కటే. ఇప్పుడు ఆ అడవి పులుల అభయారణ్యం గనక ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లనివ్వరు. శివరాత్రికీ, ఉగాదికీ భక్తులను అనుమతిస్తారు.

ఎంతసేపు పడుతుంది? 1892లో నేస్మిత్ అనే స్కాట్లండ్ దేశస్థుడు కొండదారులకు ఒక లెక్క చెప్పాడు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున దూరానికి లెక్క వేసి, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కటానికి మరొక గంట కలపాలి. ఈ లెక్కన 40 కిలోమీటర్లకు 8 గంటలు, ఆపైన ఎక్కుడుకు పట్టే కాలం. కాని నేస్మిత్ బలమైన మగవాడు, పైగా ఆయన లెక్కలో కూర్చోవటం లేదు, తినటం లేదు. మూట మోసే పిల్లలకు గంటకు 3 కిలోమీటర్లు వేసుకోవటం మంచిది. అప్పుడు 13 గంటలు దాటుతుంది. అంటే మధ్యలో ఒక రాత్రి ఆగక తప్పదన్నమాట. చాలామంది పెచ్చెరువు దగ్గర పడుకుంటారు. మీ తాతయ్య ఎక్కడ ఆగుదామనుకుంటున్నాడో ఇప్పుడే అడిగి తెలుసుకో. మూటలో ఏముండాలన్నది దానినిబట్టే ఉంటుంది.

ఇక మూట. ఒక త్రాసు తీసుకో. లేదా కిరాణా దుకాణంలో తూయించు. బడి పిల్లల పుస్తకాల సంచీ వాళ్ల బరువులో పదోవంతు మించకూడదని 2020లో మన ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. సంచీలో గణితం పుస్తకం ఉన్నా అటుకులున్నా వెన్నెముకకు తేడా తెలియదు గదా! నీ బరువు 36 కిలోలు అనుకుందాం. అయితే నీ మూట 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు.

"ఇంతేనా?" అంటావు. అవును, ఇంతే. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. రెండు లీటర్లు పెట్టావంటే సగానికి పైగా అక్కడే అయిపోయింది. అందుచేత ఇలా పంచుకుందాం: ఖాళీ సంచీ 500 గ్రాములు. నీళ్లసీసాతో కలిపి ఒక లీటరు నీరు 1100. దుప్పటి 700. ఒక జత బట్టలు 400. తిండి 500. దీపం, మందులు మొదలైన చిల్లర సామాను 300. కూడి చూడు, 3500 గ్రాములు. ఇంకా 100 గ్రాములు మిగిలింది. దానితో ఏం చేస్తావో నీ ఇష్టం. నేనైతే బెల్లం పెట్టుకుంటాను.

ఒక లీటరు నీరు చాలుతుందా అని మీ అమ్మ తప్పక అడుగుతుంది. శివరాత్రికి దారిలో అక్కడక్కడ మంచినీళ్లు పోసే ఏర్పాట్లుంటాయి. ఎక్కడెక్కడన్నది ముందే కనుక్కొని, దూరం ఎక్కువున్న చోట రెండో సీసా తాతయ్య సంచీలో పెట్టాలి. దాహమైనదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఒంట్లో నీరు చాలినంత ఉన్నదీ లేనిదీ తెలుసుకోవటానికి ఒక గుర్తున్నది. నవ్వకండి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీరు చాలింది. ముదురు రంగుకు తిరిగితే చాలలేదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనక ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు ఉంచుకో. అవి దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటికి టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు మాత్రం ఎక్కువ కానివ్వకూడదు. వాగులో నీరు తేటగా ఉన్నది గదా అని తాగవద్దు. రోగాలు తెచ్చే క్రిములు కంటికి కనబడవు.

తిండికి అటుకులు, వేయించిన సెనగపప్పు, వేరుసెనగ గుళ్లు, ఖర్జూరం. మొదటి పూటకు పులిహోర కట్టుకోవచ్చు. చింతపండు పులుపులో క్రిములు త్వరగా పెరగలేవు గనక మామూలు అన్నంకంటే అది కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. అయినా రెండో రోజుకు ఉంచవద్దు. అన్నదానం చేసేవాళ్లుంటారు, ఆకలికి భయం లేదు.

సర్దటంలో కూడా శాస్త్రం ఉన్నది. ఇప్పుడే లేచి ఒక పని చెయ్యి. రెండు కిలోల బియ్యం సంచీ రెండు చేతులతో రొమ్ముకు ఆనించి పట్టుకో. హాయిగానే ఉంటుంది. ఇప్పుడు అదే సంచీని చేతులు చాచి ముందుకు పట్టుకో. నిమిషం గడిచేసరికి భుజాలు వణుకుతాయి. బరువు పెరగలేదు, దూరం పెరిగింది. వీపుమీద మూట కూడా అంతే. బరువైనది వీపుకు దూరంగా ఉంటే అది నిన్ను వెనక్కు లాగుతుంది. పడిపోకుండా నువ్వు ముందుకు వంగుతావు. అలా వంగి రోజంతా నడిస్తే నడుము పట్టేస్తుంది. అందుకని దుప్పటి అడుగున, నీరూ తిండీ వీపుకు ఆనేటట్టు మధ్యన, దారిలో కావలసినవి పైన పెట్టాలి. నడుముకు కట్టుకునే పట్టీ ఉన్న సంచీ దొరికితే ఇంకా మంచిది. బరువులో కొంత భుజాలు దిగి తుంటి ఎముకల మీదికి పోతుంది.

బట్టల్లో ఒక్క సంగతి మరవకూడదు. పగలంతా ఎండ, తెల్లవారుజామున చలి. చెమటతో తడిసిన నూలు బట్టలతోనే పడుకున్నావంటే మట్టికూజాలో నీళ్ల గతే నీకూ పడుతుంది. తడి ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. అందుకే ఆ రెండో జత. పగలు దాన్ని ముట్టకు.

ఇంతవరకూ రాసినదంతా నాకు ఎప్పటినుంచో తెలుసు. 1987లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా తెలుసు. అయినా నావల్ల ఒక పొరపాటు జరిగింది.

ఆ ఏడు పన్నెండుమంది పిల్లలను మా బడినుంచి 20 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక కొండకు నడిపించాను. ముందురోజు సాయంత్రం వరసగా నిలబెట్టి, చేతిలో కాగితంతో, ఒక్కొక్కరి సంచీ విప్పించి చూశాను. దుప్పటి ఉన్నదా, ఉన్నది. పళ్లెం ఉన్నదా, ఉన్నది. పద్దెనిమిది వస్తువులకూ టిక్కు పెట్టాను. నాలాంటి జాగ్రత్తపరుడు లేడనుకున్నాను.

మర్నాడు పదో కిలోమీటరు దగ్గరినుంచి ఒక కుర్రవాడు వెనకబడసాగాడు. "ఏరా?" అంటే "ఏమీ లేదు మాస్టారూ," అన్నాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. నేను నమ్మాను. నమ్మటం సులువు మరి, నాకు పొద్దుండగా కొండ చేరాలని ఉన్నది. రాత్రి బస దగ్గర వాడు బూట్లు విప్పితే చూశాను. రెండు మడమలూ తోలు ఊడి ఎర్రగా ఉన్నవి. అవి కొత్త బూట్లు. ఈ ప్రయాణం కోసమని వాడి తండ్రి మేకపిల్లను అమ్మి కొన్నాడు. "కరుస్తున్నాయని చెబితే నాన్నకు తెలుస్తుంది, బాధపడతాడు," అన్నాడు వాడు. పుండులోకి దుమ్ము చేరి చీము పట్టింది. తిరుగు ప్రయాణం ఎడ్లబండిలో. ఆ తరవాత పదిహేను రోజులు బడికి రాలేదు, మూడునెలల పరీక్ష పోయింది. చూడటానికి వెళితే ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్లిచ్చింది. తిట్టినా బాగుండేది.

నేను పన్నెండు సంచీలు చూశాను గాని, ఇరవైనాలుగు పాదాలు చూడలేదు.

కనక అమ్మాయీ, మూటకంటే ముందు కాళ్ల సంగతి. బూట్లు ఇవాళే కొను, లేదా ఉన్నవే వేసుకో. కొనేటట్టయితే సాయంత్రం వెళ్లు. పొద్దంతా తిరిగిన పాదాలు కొంచెం ఉబ్బుతాయి, నడకలోనూ అలాగే ఉబ్బుతాయి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే భీముని కొలను లోయలోకి మెట్లు దిగేటప్పుడు వేళ్లన్నీ బూటు కొనకు గుద్దుకుంటాయి. గోళ్లు రెండు రోజుల ముందు తిన్నగా కత్తిరించుకో. మేజోళ్లు రెండు జతలు ఉంచుకో. మెత్తబడిన తడి చర్మం రాపిడికి ఓర్వదు. పై పొర, కింది పొర విడిపోయి మధ్యన నీరు చేరుతుంది, అదే బొబ్బ. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే, ఆ క్షణమే, ఆగి మేజోడు విప్పి, ఆరనిచ్చి, గుడ్డపట్టీ అంటించు. బొబ్బ వచ్చేస్తే పొడవకు, పైన కప్పి ఉంచు. తాతయ్య చెప్పుల్లేకుండా నడుస్తాడేమో, అది ఆయన మొక్కు, ఆయన అరికాళ్లు అందుకు అలవాటుపడ్డవి. నీవి పడలేదు.

ఇంకా ఏడెనిమిది వారాల వ్యవధి ఉన్నది గనక నడక మొదలుపెట్టు. వారానికి నాలుగు రోజులు, మొదట 3 కిలోమీటర్లు, తరవాత తరవాత పెంచుకుంటూ పో. మూడో వారంనుంచి సగం బరువుతో, ఆపైన పూర్తి మూటతో. ఆదివారాలు మెట్లున్న గుడికి వెళ్లు. ఎక్కటం కష్టమనుకుంటారు గాని మర్నాడు తొడలు పట్టేసేది దిగినందుకే. దిగేటప్పుడు కండరం సాగుతూనే ఒంటి బరువు ఆపవలసి వస్తుంది. చివరి వారం కొద్దిగా నడిచి, కాళ్లకు విశ్రాంతి ఇవ్వు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి గుట్టమీద అభ్యాసం చేసిన పిల్లే.

చిల్లర సామాను: చేతిదీపం (సెల్‌ఫోను దీపాన్ని నమ్ముకోకు, అడవిలో సిగ్నలూ అన్నిచోట్లా అందదు), ఒక ఈల, గుడ్డపట్టీలు, పేరూ ఇంటి ఫోను నెంబరూ రాసిన కాగితం. మూడుసార్లు ఈల వేస్తే "నేను ఆగిపోయాను" అని మీ ఇద్దరూ ముందే గుర్తు పెట్టుకోండి. తిన్న కాగితాలు, తొక్కలు, సంచులు అన్నీ తిరిగి మోసుకురావటానికి ఒక గుడ్డసంచీ. ఆ అడవి చెంచులకు ఇల్లు. జింకలకూ, పులులకూ ఇల్లే.

మీ అమ్మగారికి ఈ పుట చదివి వినిపించు. బూట్లు కరుస్తున్నాయన్న కుర్రవాడి సంగతి వదలకుండా చదువు. ఆ తరవాత, నొప్పి మొదలైన చోటే తాతయ్యతో చెబుతానని ఆవిడకు మాట ఇవ్వు. ఒక ఆదివారం పూర్తి మూటతో 12 కిలోమీటర్లు నడిచి ఇంటికి వచ్చి, ఆవిడ ఎదుట మేజోళ్లు విప్పి పాదాలు చూపించు. వెళ్లవచ్చో లేదో ఆవిడే చెబుతుంది.

వెళ్లి వచ్చినట్టయితే, మూట విప్పేటప్పుడు అసలు వాడని వస్తువులన్నీ ఒక పక్కన పెట్టి, వాటి బరువు తూచి నాకు రాసి పంపు. వచ్చే ఏడు వెళ్లే పిల్లలకోసం ఇక్కడ అచ్చువేయిస్తాను.

మీ
మాస్టారు