అది ఒట్టి గంతులాట కాదండీ!

కపోయెరా అంటే నడుం సన్నబడే డాన్సట! వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో పశువుల్లా తెచ్చిన బానిసలు బ్రెజిల్లో పెంచుకున్న యుద్ధవిద్యండీ అది. ఒంటితీగ బెరింబావ్ మోగుతుంటే ఆటలాగే కనిపిస్తుంది. ఏమరుపాటుగా ఉన్నారో, కాలు వచ్చి కణతకి తగులుతుంది.

1888లో బానిసత్వం రద్దు చేసిన దేశమే 1890లో దీన్ని వీధిలో ఆడితే జైలంది. ఏం ఉదారం!

అక్కడ గురువుని ‘మెస్త్రే’ అంటారు. మన ‘మేస్త్రీ’ కూడా ఆ పోర్చుగీసు మాటే. పాత పద్ధతి చెడకుండా సాల్వడార్లో బడి నడిపిన మెస్త్రే పాస్తీన్యాని, మరమ్మతులని చెప్పి ఆ ఇంట్లోంచి ఖాళీ చేయించారు. మళ్లీ ఇవ్వలేదు. చూపు పోయి, చేతిలో దమ్మిడీ లేక 1981లో పోయారాయన.

2014లో యునెస్కో మెచ్చిందని అందరికీ మురిపెం. మురవండి, వద్దనను. ఆ బానిసల ఊసెత్తకుండా కాళ్లు ఊపడం నేర్పి ఫీజు పుచ్చుకునేవాళ్లని మాత్రం మెస్త్రే అనమనకండి. నాకు నోరు రాదు.