వ్రేళ్ళ లిపి

పాటను కాగితము మీద పెట్టవచ్చునా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. పెట్టవచ్చునని కొందరు, పెట్టరాదని పెక్కండ్రు ఏనాటినుండియో వాదించుచున్నారు. ఆ వాదము ఇప్పుడు గిటారు నేర్చుకొను పిల్లల గదులలోనికి వచ్చినది. వారి ముందు పుస్తకము లేదు. కంప్యూటరు తెర యున్నది. దానిమీద ఆరు గీతలు, గీతల మీద అంకెలు. ఒక మీట నొక్కినచో ఆ అంకెలన్నియు వరుసగా మ్రోగును. ఈ విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఏలయనగా ఇందులో మనము లోగడ బాగుగా ఎరిగియుండి పిదప విడిచిపెట్టిన పాఠమొకటి కలదు.

ఆ ఆరు గీతలు ఆరు తంత్రులు. అంకె మెట్టు సంఖ్య. సున్న యనగా ఏ మెట్టును నొక్కక తంత్రిని ఊరక మీటుట. దీనిని టాబ్లేచరు అందురు. ఇది నేటి యంత్రముల కల్పన కాదు. 1507లో వెనిస్ నగరమున పెట్రూచి యను ముద్రాపకుడు ల్యూటు వాద్యమునకై స్పినాచీనో కూర్చిన గ్రంథములను ఈ పద్ధతిలోనే అచ్చువేసెను. మామూలు స్వరలిపి ఏ స్వరము పలుకవలెనో చెప్పును. ఇది వ్రేలు ఎక్కడ నుంచవలెనో చెప్పును. ఈ భేదము చిన్నది కాదు. మామూలు శ్రుతిలోనున్న గిటారు మీద మొదటి తంత్రిని ఊరక మీటినను, రెండవదానిని 5వ మెట్టున, మూడవదానిని 9వ మెట్టున, నాల్గవదానిని 14వ మెట్టున నొక్కి మీటినను పలుకు స్వరమొక్కటే. నాదము మాత్రమొక్కటి కాదు. సన్నని తంత్రి తళుకు వేరు, లావు తంత్రి గాంభీర్యము వేరు.

కార్డుల సంగతియు ఇట్టిదే. కార్డనగా కొన్ని స్వరములను ఒక్కసారిగా పలికించుట. పాట మీద 'సి' అని ఒక్క అక్షరము వ్రాసిన చాలదు. మొదటి మూడు మెట్లలో, ఊరక మ్రోగు తంత్రులను కలుపుకొని పట్టు 'సి' తేటగా గలగలలాడును. 8వ మెట్టున చూపుడువ్రేలిని తంత్రులన్నిటి మీదను అడ్డముగా పరచి పట్టు 'సి' బిగువుగా పలుకును. పేరొక్కటి, రూపములు రెండు. టాబ్లేచరును కూర్చు సాఫ్ట్‌వేరులో, అది ఫ్రాన్సులో 1997లో పుట్టిన గిటార్ ప్రో కానిండు, ఉచితముగా దొరకు టక్స్‌గిటార్, మ్యూజ్‌స్కోర్ కానిండు, ఈ రూపమును చుక్కల పటముగా చూపవచ్చును. ఏ తంత్రి మీద ఏ మెట్టు నొక్కవలెనో, ఏ తంత్రి మ్రోగరాదో, అన్నియు అందు తెలియును.

అంతకన్న ముఖ్యమైనది స్వరమును పలికించు తీరు. ఒక స్వరమును మీటి, మరల మీటకయే ఎడమచేతి వ్రేలిని పై మెట్టు మీద కొట్టి రెండవ స్వరమును పుట్టింపవచ్చును. ఆ వ్రేలిని లాగి తీసి క్రింది స్వరమును పలికింపవచ్చును. వ్రేలిని మెట్ల మీదుగా జార్చవచ్చును. తంత్రిని ప్రక్కకు లాగి స్వరమును పైకి వంచవచ్చును. అరచేతి అంచును తంత్రుల మీద ఆనించి నాదమును అణచవచ్చును. వీనికన్నిటికిని వేర్వేరు గుర్తులు కలవు. స్వరము ఎంత ఎత్తునకు వంగవలెను, ఎంతసేపటిలో వంగవలెను, మరల దిగవలెనా వలదా అనుదానిని రేఖగా గీయు సదుపాయము సైతము గిటార్ ప్రోలో కలదు.

ఇన్ని యుండియు, వ్రాయువారిలో పలువురు అంకెలను మాత్రము దించి గుర్తులను విడిచిపెట్టుచున్నారు. నేనెరిగిన బాలుడొకడు అట్టి ప్రతిని ముందు పెట్టుకొని నెల దినములు సాధన చేసెను. అంకె తప్పలేదు, లయ తప్పలేదు. యంత్రమెట్లు వాయించెనో అట్లే వాయించెను. పాట మాత్రము రాలేదు. వాని తప్పేమున్నది? వ్రాయనిదానిని వాడెట్లు చదువును? యంత్రము మ్రోగినది గనుక వ్రాత సంపూర్ణమని వాడు నమ్మెను. పూర్వపు కాగితము మూగది. అందు కొరత యున్నదని చదువరికి తెలిసియుండెడిది, పోయి గురువునడిగెడివాడు. మాటలాడు కాగితము ఆ అనుమానమును చంపును. దీనిలోని అపాయమదియే.

ఇచ్చట మన పాఠము జ్ఞప్తికి వచ్చును. 1904లో ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వెలువరించిరి. 1893లో మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయబూనిన చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహము దీనికి కలదు. అరవదేశమున తెలుగు అక్షరములలో వెలువడిన ఆ మహాగ్రంథమునందు స్వరములతోపాటు గమకములకును గుర్తులు గలవు. కంపితము, స్ఫురితము, నొక్కు, వళి, జారు: ఒక్కొక్కదానికొక్క సంజ్ఞ. చిత్రమేమనగా, అందు కంపితమునకు వాడిన అలల గీతయు, జారునకు వాడిన ఏటవాలు గీతయు నేటి గిటారు టాబ్లేచరులోని గుర్తులను పోలియున్నవి. ఇందు అనుకరణమును వెదుకనక్కరలేదు. తంత్రి మీద వ్రేలి కదలికను గీయబోయిన చేతికి ఆ గీతయే తోచును. వీణ మీద తంత్రిని మెట్టుననే ప్రక్కకు లాగి పై స్వరమును పలికించుట గిటారువాని వంపునకు అక్క వంటిది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) పాశ్చాత్య వాద్యము మీద మన రాగములను పలికించి, మెట్టు గమకమునకు అడ్డు కాదని లోకమునకు చూపిరి.

గమకము గురుముఖమున రావలసినదే కాని వ్రాతకు లొంగదనువారు కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. ఏ గుర్తును చెవికి బదులు కాదు. అయినను ఆ మాటను సాకుగా చేసికొనుట న్యాయము కాదు. మాటను వ్రాసినప్పుడు పలికినవాని గొంతు వ్రాతలోనికి రాదు. అంతమాత్రమున దీర్ఘమును, ఒత్తును విడిచి వ్రాయుదుమా? దీర్ఘము విడిచినచో 'పాలు' 'పలు' అగును. ఒత్తు విడిచినచో 'కల్ల' 'కల' అగును. గమకము స్వరమునకు గుణింతము వంటిది. గురుపరంపరలో పెరిగిన సుబ్బరామ దీక్షితులే వ్రాతను నమ్మి ఇంత శ్రమపడినప్పుడు మనకేల సంకోచము? ఆయన పిమ్మట వచ్చిన కీర్తన పుస్తకములలో పెక్కింట వట్టి స్వరములే మిగిలినవి. అచ్చునకు సులువని విడిచిన గుర్తులు మెల్లమెల్లగా విద్యార్థి దృష్టినుండియు జారిపోయినవి.

ఆనాడు ఒక్కొక్క గుర్తునకు అచ్చుకూటమున అవస్థ. నేడు మీటనొక్కిన వచ్చును. కావున నా మనవి రెండు మాటలు. గిటారు పాటను వ్రాయువారు అంకెతో ఆగక, వ్రేలు చేసిన పనిని కూడ వ్రాయవలెను. సాఫ్ట్‌వేరు నెరిగిన మన యువకులు దీక్షితులవారి గుర్తులను తెలుగు స్వరములతో సహా తెరమీదికి తేవలెను. యంత్రము వానిని సరిగా పలికింపలేకపోయినను చింతలేదు. గుర్తు కనబడినచో విద్యార్థి దీనినెట్లు పలుకవలెనని అడుగును. ఆ ప్రశ్న వినుటకు గురువు ఇంకను ఉన్నాడు.