పేటపేటకొక అన్నపుగది

అంగడివారు అమ్ముడుపోదని పారవైచు సరకును సేకరించి ఆకలిగొన్నవారికి అందింపవలెనని జాన్ వాన్ హెంగెల్ 1967లో అమెరికాలోని ఫీనిక్సు నగరమున నెలకొల్పిన సెయింట్ మేరీస్ సంస్థయే ఆ దేశపు ఆహారనిధులకు ఆదిమూలము. నిధి గిడ్డంగియై సరకును కూడబెట్టును. చర్చి నేలమాళిగలలోనో బడి గదులలోనో నడచు చిన్న వితరణశాలలు దానిని పంచును. సొట్టపడిన డబ్బాలను వేరుపరచుట, గడువు తేదీలు చూచుట, ఉల్లిగడ్డల బస్తాను చిన్న సంచులలోనికి మార్చుట చాలవరకు వేతనములేని ఇరుగుపొరుగుల చేతిమీదుగానే జరుగును.

ఇరుగుపొరుగులు నడపు ఈ రెండవ అంగమే, అనగా వితరణశాలయే, ప్రాణమని నా అభిప్రాయము. గిడ్డంగికి బస్తాల లెక్క తెలియునుగాని, ఏ వృద్ధురాలు మెట్లు దిగలేకున్నదో, ఏ యింటి యజమాని పని పోయిన సంగతిని దాచుచున్నాడో ఎరిగినది పొరుగువారే. లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికిని వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిని తలచి మనము గర్వింతుము; గర్వింపదగినదే; అయినను ఒక్క యిల్లాలి ఔదార్యముపై ఊరి ఆకలినెల్ల మోపుట న్యాయమా? కూలి గిట్టని చోట ఏ నిధియు చాలదు, కూలి గిట్టునట్లు చూచుట ప్రభుత్వపు పూచీ. కాని పెండ్లిమండపమున మిగిలిన పులిహోరను రాత్రి పదకొండు గంటలకు ఎవరికీయవలెనో తెలియక పారబోయుచున్న మనకు, ఆ వేళ తలుపు తీయు గదియొకటియు, ఫోనెత్తు నలుగురును ప్రతి పేటకును కావలెను.