డెల్టిక్‌ని నడిపించిందెవరు?

మనవాళ్ళలో ఎవర్నైనా "ఏ ప్రాజెక్టు?" అని అడిగి చూడండి. డెవలప్‌మెంట్ అయితే ఛాతీ ముందుకొస్తుంది. సపోర్టు అయితే గొంతు తగ్గుతుంది. "ప్రస్తుతానికి సపోర్టేనండీ.. త్వరలో మారిపోతాను" అంటాడు, అదేదో జ్వరం, రెండ్రోజుల్లో తగ్గిపోతుందన్నట్టు. నా పెళ్ళిచూపులప్పుడు "సపోర్టు అని మాత్రం చెప్పకురా" అని మా బాబాయి ముందే హెచ్చరించాడు. ఆయనకి ఆ రెండింటికీ తేడా తెలీదు. ఒకటి తక్కువదని మాత్రం ఎవరో చెప్పారు!

ఇలాంటి వాళ్ళందరికీ నేనో రైలింజను కథ చెబుతుంటాను. ఇవాళ మీ వంతు.

ఆన్‌సైట్ పుణ్యమా అని ఇంగ్లండులో ఉన్న రోజుల్లో, ఓ శనివారం యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియానికి వెళ్ళాను. డెల్టిక్‌ని మొదటిసారి చూసింది అక్కడే. బ్రిటిష్ రైల్వే లెక్కల్లో దాని పేరు క్లాస్ 55. డీజిల్ ఎలక్ట్రిక్ బండి, అంటే డీజిల్ ఇంజను జనరేటర్ని తిప్పితే, ఆ కరెంటుతో చక్రాల దగ్గరున్న మోటార్లు తిరుగుతాయి. 1961, 62ల్లో మొత్తం 22 తయారయ్యాయి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎడిన్‌బరో దాకా, 393 మైళ్ళ ఈస్ట్ కోస్ట్ లైను మీద ఎక్స్‌ప్రెస్‌లు లాగడం వాటి పని. ఆ 22 బండ్లూ కలిసి 55 ఆవిరి ఇంజన్ల పని చెయ్యాలని లెక్క. అదీ గంటకి 100 మైళ్ళ వేగంతో!

వాటి లోపలున్న ఇంజను ఇంకా విచిత్రం. నేపియర్ కంపెనీ బ్రిటిష్ నౌకాదళం వారి వేగపు పడవల కోసం చేసింది. ఒక త్రికోణం ఊహించుకోండి. మూడు భుజాలూ సిలిండర్లు, మూడు మూలల్లో మూడు క్రాంక్‌షాఫ్టులు. ప్రతి సిలిండర్లోనూ ఎదురెదురుగా రెండు పిస్టన్లు. 18 సిలిండర్లు, 36 పిస్టన్లు. గ్రీకు అక్షరం డెల్టా ఆకారం కాబట్టి డెల్టిక్. మూడు షాఫ్టులూ ఒకే వైపు తిరిగితే పిస్టన్ల లెక్క కుదరట్లేదు. ఒకదాన్ని వ్యతిరేక దిశలో తిప్పితే సరిపోతుందని చెప్పింది నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసే హెర్బర్ట్ పెన్‌వార్డెన్ అనే డ్రాఫ్ట్స్‌మన్. ఇలాంటివి రెండేసి పెట్టి, ఒక్కో బండికి 3300 హార్స్‌పవర్ తెప్పించారు. అదే కాలపు క్లాస్ 40 బండి 133 టన్నులు బరువుండి ఇచ్చేది 2000. డెల్టిక్ 99 టన్నులే.

ఇక్కడి దాకా చెప్పగానే మన డెవలపర్ల కళ్ళు మెరుస్తాయి. "ఆహా, ఏం ఆర్కిటెక్చర్!" అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే అదే నేపియర్ కుటుంబంలోని చిన్న ఇంజను, 9 సిలిండర్లది, పెట్టి 10 బండ్లు చేశారు. "బేబీ డెల్టిక్" అని పిలిచేవారు. 1959లో వచ్చాయి. తెగ మొరాయించాయి. పక్కనపెట్టి, మళ్ళీ బాగుచేసి, చివరికి 1971 కల్లా అన్నిటినీ వదిలించుకున్నారు. అవే తెలివితేటలు, అదే త్రికోణం. తెలివైన డిజైన్ ఒక్కటే బండిని నడిపించేస్తే ఇవెందుకు నడవలేదు చెప్పండి?

పెద్ద డెల్టిక్‌ల విషయంలో రైల్వేవాళ్ళు ఒక మంచిపని చేశారు. బండ్లు కొనేటప్పుడే మెయింటెనెన్స్ సంగతి కూడా ఒప్పందంలో పెట్టి, ఆ బరువు తయారీదారు ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ మీద వేశారు. అమ్మేసి చేతులు దులుపుకునే వీల్లేదన్నమాట. ఇంజను చెడితే బండిలోనే ఉంచి విప్పుకుంటూ కూర్చోరు. క్రేనుతో పైకి లేపి, సిద్ధంగా ఉన్న ఇంకో ఇంజను దించుతారు. బండి మళ్ళీ పట్టాల మీదకి, చెడ్డ ఇంజను తాపీగా వర్క్‌షాపుకి. దార్లో ఒక ఇంజను ఆగిపోయినా రెండోదాంతో ఎలాగో ఇంటికి చేరొచ్చు. మనం ఇవాళ పెద్ద పెద్ద పేర్లు పెట్టి ప్రెజెంటేషన్లలో అమ్ముకునేది ఇదే కదా!

మరి ఆ ఇంజన్లు లేపిందీ దించిందీ ఎవరు? లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్, న్యూకాసిల్ పక్కన గేట్స్‌హెడ్, ఎడిన్‌బరోలో హేమార్కెట్ షెడ్లలో, డాంకాస్టర్ వర్క్‌షాపులో పనిచేసిన ఫిట్టర్లు. స్టార్ట్ చేస్తే చాలు నీలిపొగ కక్కే ఆ బండ్లని అర్ధరాత్రుళ్ళు సాకినవాళ్ళు. ఫిన్స్‌బరీ పార్క్ వాళ్ళయితే 1979లో తమ బండ్ల క్యాబు కిటికీల చుట్టూ తెల్లరంగు వేసి, "ఇవి మావి" అని దూరం నుంచే తెలిసేలా చేసుకున్నారు. వాళ్ళ చేతుల మీద కొన్ని డెల్టిక్‌లు 20 లక్షల మైళ్ళు దాటేశాయి. పెన్‌వార్డెన్ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. ఆ ఫిట్టర్లలో ఒక్కడి పేరు నాకు చెప్పండి చూద్దాం?

సరే, ఎవరో ఒకరు అడుగుతారు. "అంత బాగా నడిస్తే ఎందుకు తీసేశారు మరి?"

మంచి ప్రశ్న. 1978 నుంచి ఆ లైన్లోకి 125 మైళ్ళ వేగంతో పోయే హెచ్‌ఎస్‌టీ రైళ్ళు వచ్చాయి. డెల్టిక్‌లు రెండో వరస రైళ్ళకి దిగాయి. ఎక్కడా లేని ప్రత్యేకమైన ఇంజను, దానికి ప్రత్యేకమైన మనుషులు, ప్రత్యేకమైన సామాన్లు, ఉన్నవేమో 22 బండ్లు. ఆ ఖర్చు ఫాస్ట్ రైళ్ళకి గిట్టుబాటే కానీ మామూలు రైళ్ళకి కాదు. 1982 జనవరి 2న ఆఖరి వీడ్కోలు రైలు నడిచింది. ఆ బండ్లంటే ప్రాణమిచ్చేవాళ్ళు అధికారులని ఇప్పటికీ తిట్టుకుంటారు. నేను తిట్టను. మెయింటెనెన్స్ లెక్క సరిపోయినన్నాళ్ళూ నడిచాయి, సరిపోనిరోజు ఆగాయి. బతికించిందీ ఆ లెక్కే, ఆపిందీ ఆ లెక్కే. డిజైన్ మాత్రం మొదటిరోజు ఎలా ఉందో ఆఖరిరోజూ దాదాపు అలాగే ఉంది.

ఇక మన గొడవకొద్దాం. నేను పనిచేసిన ఒకచోట ఐదుగురు కలిసి ఒక పాత బిల్లింగ్ సిస్టమ్‌ని చూసుకునేవారు. మూడేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఆగలేదు. అప్రైజల్లో వాళ్ళని అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? "ఈ ఏడాది మీరు కొత్తగా ఏం చేశారు?" పక్క టీము కొత్తది కట్టింది, అది వారానికోసారి పడిపోయేది, పడిపోయినప్పుడల్లా వాళ్ళు లేపేవారు, అందరూ చప్పట్లు కొట్టేవారు. మంచి రేటింగులు వాళ్ళకి. ఐదుగురిలో ఇద్దరు మానేశారు. ఆ తర్వాత నెలాఖరు బిల్లులు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. అప్పుడు అర్థమైంది వాళ్ళేం చేస్తున్నారో!

ఏదీ పాడవకుండా చూసినవాడి పని కంటికి కనబడదు. కనబడని పనికి మార్కులు వెయ్యకపోతే ఆ పని చేసేవాళ్ళు మిగలరు. ఇది చెప్పడానికి ఎంబీయే అక్కర్లేదు.

అందుకే మేనేజరు బాబులకి రెండు మాటలు. ఎస్టిమేట్ వేసేటప్పుడే దీన్ని పదేళ్ళు ఎవరు చూస్తారో, ఎంతవుతుందో రాయండి. రాయలేకపోతే కట్టకండి. కట్టినవాణ్ణి ఓ ఆర్నెల్లు ఆన్‌కాల్‌లో కూర్చోబెట్టండి, కోడ్ దానంతటదే బాగుపడుతుంది :)

అన్నట్టు, ఆ 22లో ఆరు బండ్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో రాయల్ స్కాట్స్ గ్రే అనేది 2011లో, యాభయ్యో ఏట, ఇంగ్లండు ఈశాన్య తీరంలో గూడ్సు రైళ్ళు కూడా లాగింది. డిజైనర్లు ఎప్పుడో వెళ్ళిపోయారు. స్పానరు పట్టుకున్నవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు కాబట్టి.

ఈసారి ఎవరైనా "ఏ ప్రాజెక్టు?" అంటే గొంతు తగ్గించకండి. బాబాయ్, నీక్కూడా చెప్తున్నా.. సపోర్టే!